అబిగయీలును నిలబెట్టినవారు

పెట్టెలో పడుకోబెట్టిన ఆడపిల్లను ఫొటోలో నిలువుగా తిప్పి, పెళ్లికూతురని లోకానికి చూపించే అధికారం ఎవరు ఎవరికి ఇచ్చారు?

అడగవలసినవారందరినీ డెబోరా ఈ ప్రశ్న అడిగింది. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఒకరు కళ గురించి చెప్పారు, ఒకరు క్షమించడం గురించి చెప్పారు, ఒకరు ముందు మజ్జిగ తాగమన్నారు. జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

సంగతి ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక మొదలైంది. చిల్లకూరు దాటి తూర్పుగా, సరుగుడు తోటల మధ్య నుంచి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు డెబోరాది. గూడూరులో ఒక కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన డెబోరా ఆ ఊళ్లోనే ఉంటోంది. చర్చి మెట్ల మీద ఆమె చెప్పులు వేసుకుంటూ ఉండగా, క్వయర్‌లో పాడే వినీల ఫోను పట్టుకొని పరుగున వచ్చింది.

"టీచరమ్మా, మీ సుశీలన్న వాళ్ల పాటలు శుక్రవారం వస్తాయంట. కవర్ పెట్టినారు, చూసినారా? ఎంత బాగుండాదో!"

సుశీల్ కుమార్ డెబోరా తమ్ముడి మనవడు. చెన్నైలో ఉద్యోగం చేస్తూ, మిత్రులతో కలిసి 'ఉప్పుగాలి' అనే పాటల బృందం పెట్టుకున్నాడు. సినిమాకు రాయని, ఏ కంపెనీ కొనని పాటలు. వాళ్లే కట్టి, వాళ్లే పాడి, వాళ్లే ఇంటర్నెట్‌లో పెట్టుకుంటారు. డెబోరాకు అందులో అభ్యంతరం ఏమీ లేదు. ఒక పాట విని, రెండో చరణం బాగుందని కూడా చెప్పింది.

కళ్లజోడు సర్దుకొని చూసింది. పసుపు తిరిగిన పాత ఫొటో. తెల్లచీర, తెల్లముసుగు, చేతుల్లో పూలగుత్తి. కళ్లు మూసుకొని నిలబడిన పిల్ల. చుట్టూ బోలెడంత ఖాళీ. కింద ఒక మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో 'పెళ్లికి ముందు' అని పాటల సంపుటి పేరు.

"ఎవరు టీచరమ్మా ఈ పెళ్లికూతురు? కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకుంటా ఉన్నట్టుండాది."

"మా అక్క," అంది డెబోరా. "ప్రార్థన చేసుకోవడం లేదు. చనిపోయింది."

వినీల ఫోనును పైటకొంగుతో తుడిచింది. ఎందుకు తుడిచిందో ఆ పిల్లకే తెలియదు.

అబిగయీలుకు పెళ్లి కుదిరింది. చర్చిలో మూడు ఆదివారాలు చదవవలసిన పెళ్లి ప్రకటనలు మొదలయ్యాయి, ముగియలేదు. పచ్చకామెర్లు వచ్చి, ఆకు పసరుకూ ఆస్పత్రికీ మధ్య ఇంటివాళ్లు తేల్చుకునేలోగా పోయింది. పెళ్లికని తెచ్చిన చీర, ముసుగు ఇంట్లో ఉన్నాయి. తల్లి వాటినే కట్టించింది. ఆ తీరపు క్రైస్తవుల ఇళ్లలో ఒక అలవాటు ఉంది: మూత వేసే ముందు పెట్టెను తల వైపు కొంచెం ఎత్తి పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫొటో తీయించుకుంటారు. రాలేకపోయినవాళ్లకు ఒక ప్రతి పంపుతారు. అందులో దాపరికమూ లేదు, వింతా లేదు. పెళ్లి ఫొటో పక్కనే, బాప్తిస్మం ఫొటో పక్కనే, అదీ ఆల్బంలో ఉంటుంది. చూసేవాళ్లకు అది ఏమిటో తెలుసు.

చూసేవాళ్లకు తెలిసినంతకాలం మాత్రమే ఆ అలవాటు నిలబడుతుందని డెబోరా అంతవరకూ ఆలోచించలేదు.

ఇంటికి వెళ్లగానే సుశీల్‌కు ఫోన్ చేసింది.

"అవ్వా! చూసినావా? నాకు తెలుసు నువ్వు చేస్తావని."

"ఆ ఫొటో నీకెక్కడిది?"

"మొన్న వచ్చినప్పుడు ఆల్బంలోంచి ఫోన్లో తీసుకున్నా. మా తాత ఫొటో కావాలని అడిగితే నువ్వే గదా బీరువాలోంచి తీసి నా ముందు పెట్టినావు."

"తాత ఫొటో కావాలన్నావు. తీసుకున్నది ఎవరిది?"

అవతలి నుంచి నవ్వు. అతని నవ్వు ఎప్పుడూ బాగుంటుంది. చిన్నప్పటి నుంచీ ఆ నవ్వుతోనే పని జరుపుకున్నాడు.

"అవ్వా, అది ఎంత బాగుండాదో నీకు తెలీదు. ఎవురూ గుర్తుపట్టరులే. ఆమెను చూసినోళ్లు ఇప్పుడెవురుండారు చెప్పు, నువ్వు తప్ప?"

"నేనున్నాను. అది చాలదా?"

"డిజైన్ అంతా ప్రత్యూషది అవ్వా. కొడవలూరు పిల్ల. ఫైలు ఆమె దగ్గరే ఉంటాది. బుధవారం నేనూ వస్తుండా అక్కడికి, చివరి మార్పులకి."

"నేనూ వస్తాను," అంది డెబోరా.

అతను అది బెదిరింపు అనుకోలేదు. "రా అవ్వా, మస్తుగా ఉంటాది," అన్నాడు.

ఏ విషయం మీదైనా మాట్లాడే ముందు ఆ విషయం చదవడం డెబోరాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. సాయంత్రం వినీలను పిలిచి, ఇలాంటి బృందాల ముఖచిత్రాలు దొరికినన్ని చూపించమంది. ఇద్దరూ వసారాలో కూర్చుని చూశారు.

ఖాళీ గోడ ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ. వాన పడిన అద్దం వెనక ఎవరో. సముద్రానికి ఎదురుగా, మనకు వీపు పెట్టి నిలబడిన మనిషి. ఎవరిదో నాయనమ్మ, ఎవరిదో పాత టీవీ, ఎవరిదో బడి గ్రూపు ఫొటో. ముఖం ఉంటే మసగ్గా ఉండాలి, లేదా దాని మీద ఒక పువ్వు అతికించి ఉండాలి, లేదా గోరుతో గీకినట్టు ఉండాలి. కెమెరాలోకి వెలుతురు చొరబడి ఫిల్ము పాడైతే పడే నారింజ చార ఒకటి దాదాపు అన్నింటిమీదా ఉంది; ఇప్పుడు ఫిల్ము లేదు కనుక ఆ చారను కంప్యూటర్‌లో తయారుచేసి అతికిస్తున్నారు. అక్షరాలు సిగ్గుపడుతున్నట్టు మూలకు నక్కి ఉంటాయి. పాడినవాళ్ల ముఖం ఎక్కడా ఉండదు.

"అందరూ ఒకే మాదిరి దిగులుగా ఉండారేంది టీచరమ్మా?" అంది వినీల. "జీతాలు పడలేదా వీళ్లకి?"

డెబోరా నవ్వలేదు కానీ మాట నచ్చింది. సినిమా పోస్టరుకు ఎదురు తిరుగుతున్నామన్నది వీళ్ల వాదం. ఆ ముఖచిత్రాల కింద రాసిన మాటలు కూడా చదివించుకుంది. పోస్టరు మీద ముఖం పెద్దది, పేరు పెద్దది, రంగు గట్టిది. సరే, తిరిగారు. తిరిగి అందరూ కలిసి ఒకే గుడ్డ కుట్టించుకున్నారు. పోస్టరు మీది మనిషికి కనీసం పేరుంటుంది. ఇక్కడ నియమం వేరు: బొమ్మలోని మనిషి ఎవరో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే అందం చెడుతుంది.

బుధవారం నాడు ఆమె ఆల్బంలోంచి అసలు ఫొటోను తీసి, చేతిసంచిలో పెట్టుకొని, గూడూరులో బస్సెక్కి నెల్లూరులో మారి కొడవలూరు చేరింది. రోడ్డుకు రెండువైపులా నాట్లు పడుతున్నాయి. ప్రత్యూషది మెట్టుమెట్టుకూ వడ్ల బస్తాలున్న మేడ ఇల్లు. ఆమె నాయనమ్మ కామాక్షమ్మ వసారాలో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"రా తల్లే, ఎండన పడి వచ్చినావు. మజ్జిగ తాగు ముందు. మా పిల్ల పైన ఉండాది, బాగుండే ఫొటోలకి మచ్చలు పెడతా. దానికి జీతమంట! మా పెండ్లి ఫొటోకి మచ్చ పడిందని మా మామ స్టూడియోవోడి చొక్కా పట్టుకున్నాడు. ఇప్పుడు మచ్చ లేకపోతే పట్టుకుంటారంట."

డెబోరా మజ్జిగ తాగి పైకి వెళ్లింది.

గదిలో పెద్ద కంప్యూటర్ తెర. దాని మీద అబిగయీలు, నిలువెత్తున. సుశీల్ అప్పటికే వచ్చి, కుర్చీ వెనక్కు వాల్చి కూర్చున్నాడు. ప్రత్యూష లేచి నమస్కారం పెట్టింది. మర్యాద తెలిసిన పిల్ల; చూపులో తెలివి ఉంది. ఆ తెలివి చూసి డెబోరాకు మరింత కోపం వచ్చింది.

"కూర్చోండి మేడమ్. సుశీల్ చెప్పినాడు, మీ వాళ్ల ఫొటో అని. ఇట్టాంటి ఫొటో నాకు ఇంతవరకూ దొరకలేదు మేడమ్. ఆ అమ్మాయి ముఖంలో శాంతం చూడండి. పెళ్లికి ముందు అంత గోలలో ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నట్టుండాది. అందుకే పేరు కూడా అట్టా పెట్టినాం."

"పేరు పెట్టింది నువ్వా?"

"అవును మేడమ్," అంది ప్రత్యూష, మెచ్చుకోలు అనుకొని.

"ముక్కు దగ్గర ఏం చేశావు?"

పిల్ల ఆశ్చర్యపోయింది. "మీరు గమనించినారే! రెండు తెల్లమచ్చలు ఉండినాయి. బూజు అనుకున్నా. మామూలుగా నేను మచ్చలు ఉంచుతా మేడమ్, ఇదిగో ఈ చుక్కలన్నీ నేను పెట్టినవే. అవి రెండు మాత్రం ముఖం మీదికి పోతా ఉండినాయని తుడిచేసినా."

డెబోరా సంచిలోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. అడ్డంగా పెట్టింది, ఉండవలసినట్టు. పెట్టె అంచు కనబడింది. చుట్టూ నిలబడిన తండ్రి, తల్లి, పినతండ్రులు, రెండు జడలతో డెబోరా కనబడ్డారు.

"అవి బూజు కాదమ్మా. దూది."

ప్రత్యూష ఫొటోను చూసింది. తెరను చూసింది. మళ్లీ ఫొటోను చూసింది. కుర్చీలోంచి లేచి, కాళ్లకున్న చెప్పులు విడిచి పక్కకు నెట్టింది.

"దండ లేదు గదా మేడమ్," అంది చివరకు. "మా ఇళ్లల్లో పోయినోళ్లని ఇట్టా తియ్యరు. బతికుండంగా తీసిన ఫొటోకే దండేస్తారు. దండ ఉంటే నేను ముట్టుకునేదాన్నే కాదు. చేతిలో పూలున్నాయి, తెల్లచీర ఉంది... మీలో పెండ్లికూతుర్లు తెల్లచీర కడతారని తెలుసు. సుశీల్ నాకు ఇంతే పంపినాడు, ముఖమూ చీరా. పెట్టె లేదు."

ప్రత్యూష తప్పేమిటో డెబోరాకు అక్కడితో అర్థమైంది. అది తెలియక చేసిన తప్పు. తెలియడానికి వీల్లేకుండా ఒకడు కత్తిరించి ఇచ్చిన తప్పు. డెబోరా సుశీల్ వైపు తిరిగింది.

"పెట్టెను కత్తిరించింది నువ్వు."

"అవ్వా, ఫ్రేమింగ్ కోసం..."

"మా నాయననూ అమ్మనూ కత్తిరించావు. వాళ్లు ఏడుస్తున్నారు గనక. తర్వాత ఆమెను లేపి నిలబెట్టావు. ఈమెకు చెప్పలేదు. చెబితే ముట్టుకోదని నీకు తెలుసు."

"తెలీదు అవ్వా. అంత ఆలోచించలా. ఒట్టు."

"ఆలోచించకుండా సరిగ్గా పెట్టె అంచు మీదనే కత్తెర పడిందా?"

సుశీల్ తల గోక్కున్నాడు. ప్రత్యూష కంప్యూటర్ ముందుకు వచ్చి తెర మీది బొమ్మను చిన్నది చేసింది. "మార్చేద్దాం మేడమ్. వేరే ఫొటో ఏదైనా ఉంటే ఇవ్వండి. ఈమెదే, బతికుండంగా తీసింది."

"లేదు. ఏ ఫొటోలోనూ ఆమె కుదురుగా నిలబడలేదు. నవ్వు ఆపుకోలేక కదిలిపోయేది. ఉన్నవన్నీ చెదిరిపోయిన ఫొటోలే."

ప్రత్యూష కళ్లు ఒక్క క్షణం వెలిగాయి. "చెదిరినవా? మొగం మసగ్గానా? అవి ఒకసారి..." అని ఆగిపోయింది. నాలుక కరుచుకుంది. కానీ ఆ వెలుగును డెబోరా చూసింది. అరుపులకూ ఏడుపులకూ సిద్ధపడి వచ్చిన మనిషి ఆ వెలుగుకు సిద్ధపడి రాలేదు. ఒక క్షణం కింద చెప్పులు విడిచిన పిల్లే ఈమె. పిల్ల చెడ్డది కాదు. నేర్చుకున్న కంటికి మసక ముఖం కనబడితే చాలు, వెనక మనిషి ఉందో లేదో ఆ కన్ను ఆగి చూసుకోదు.

"నేను అడిగేది రెండింట్లో ఒకటి," అంది డెబోరా. "ఆ బొమ్మ మొత్తం తీసెయ్యండి. తియ్యనంటే, పడుకున్నదాన్ని పడుకున్నట్టే పెట్టి, కింద పేరు వెయ్యండి. అబిగయీలు అని. చనిపోయిందని కూడా. ఆమె పెళ్లికి ముందు నిలబడలేదు. పెళ్లికని తెచ్చిన చీరలో మట్టిలోకి పోయింది. ఆ చీరలో ఆమె నిలబడటం ఈ భూమ్మీద ఎవరూ చూడలేదు, ఆమెతో సహా."

సుశీల్ ఫోనులో ఏదో టైప్ చేసుకున్నాడు. తాను చెప్పిన షరతులు రాసుకుంటున్నాడని డెబోరా అనుకుంది.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "ఇది చాలా పెద్ద విషయం. నిజంగా. ఇంత ఉందని నాకు తెలీదు."

"తెలిసింది కదా ఇప్పుడు."

"తెలిసింది. నేను చూసుకుంటా. నన్ను నమ్ము."

కింద కామాక్షమ్మ అన్నం తిని పొమ్మంది. డెబోరా తినలేదు. "ఏంది తల్లే, ఫొటో బాగలేదా?" అని ముసలామె అడిగితే, "బాగుందమ్మా. అదే ఇబ్బంది," అని చెప్పి బస్సెక్కింది.

శుక్రవారం పొద్దున్నే వినీల వచ్చింది. ఫోను వెంటనే ఇవ్వలేదు. "టీచరమ్మా, మార్చినారు. మీరు చూస్తారో వద్దో..." అంది. డెబోరా చెయ్యి చాచింది.

బొమ్మ తియ్యలేదు. పడుకోబెట్టలేదు. తెల్లచీర, తెల్లముసుగు, చేతుల్లో పూలగుత్తి అలాగే నిలువుగా ఉన్నాయి. ముఖం ఉండవలసిన చోట కాగితం వెలిసి తెల్లబడినట్టు ఒక గుండ్రటి ఖాళీ. సంపుటి పేరు అలాగే ఉంది. దాని కింద, ఇంకా చిన్న అక్షరాల్లో, ఇలా ఉంది:

'పెళ్లికని తెచ్చిన చీరలో మట్టిలోకి పోయింది. ఆ చీరలో ఆమె నిలబడటం ఈ భూమ్మీద ఎవరూ చూడలేదు, ఆమెతో సహా. — ఒక అవ్వ'

డెబోరా తన వాక్యాలను రెండోసారి చదివింది. ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ గదిలో అందరికంటే శ్రద్ధగా విన్నవాడు సుశీలే.

కింద జనం రాసినవి వినీల చదివి వినిపించలేదు, డెబోరాయే చదివింది. గుండె పిండేసింది అని ఒకరు. ఈ ఏడాది బెస్ట్ కవర్ ఇదే అని ఒకరు. ఆ అవ్వ మాటలకు టాటూ వేయించుకుంటా అని ఒకరు. ఆ ఖాళీ ముఖంలో మనల్ని మనం చూసుకోవాలట, ఇంకొకరు. అబిగయీలు ఎవరు అని ఎవరూ అడగలేదు. అడగడానికి అబిగయీలు అన్న మాట అక్కడ ఎక్కడా లేదు.

సుశీలే ఫోన్ చేశాడు. గొంతులో సంబరం.

"అవ్వా, చూసినావా? నువ్వడిగినట్టే చేసినాం. మొగం తీసేసినాం."

"నేను మొగం తియ్యమన్నానా?"

"అంటే... గుర్తుపట్టేది లేదు గదా ఇంక. నీ మాటలు కూడా పెట్టినాం. అందరూ నిన్ను అడుగుతుండారు, ఎవురా అవ్వ అని."

"చెప్పావా?"

"చెప్పకపోతేనే బాగుంటాది అవ్వా. మిస్టరీ."

"ఆమె పేరెందుకు వెయ్యలేదు?"

"పేరు వేస్తే అది ఒక్క మనిషి కథ అయిపోద్ది. ఇట్టాయితే అందరిదీ."

డెబోరా ఫోన్ పెట్టేసింది. ఆ మాటకు జవాబు ఆమె దగ్గర ఉంది. అయితే ఆ జవాబు కూడా బాగానే వస్తుందని, బాగా వస్తే అదీ రేపు ఇంకో మూలన చిన్న అక్షరాల్లో కూర్చుంటుందని ఆమెకు అర్థమైంది. జీవితమంతా పూర్తి వాక్యాల్లో మాట్లాడినందుకు మొదటిసారి విసుగు పుట్టింది.

మధ్యాహ్నం ప్రత్యూష ఫోన్ చేసింది. ఏడ్చినట్టుంది.

"మేడమ్, నేను వద్దన్నా. వినలా. ఆ తెల్లది ఇంకెవురితోనో పెట్టించినారు. డిజైన్ కింద నా పేరు తీసెయ్యమన్నా మేడమ్. తీసేసినారు."

"నీ పేరు తియ్యమంటే తీశారు. ఆమె పేరు వెయ్యమంటే వెయ్యలేదు."

"అవును మేడమ్."

"నీ పేరు తీయించుకున్నందువల్ల ఆమెకు ఒరిగిందేమిటమ్మా? నీకు ఒరిగింది."

డెబోరా ఓదార్చలేదు. ఓదార్చవలసిన వంతు తనది కాదని ఆమెకు తెలుసు.

ఆ తరువాతి ఆదివారం చర్చిలో పాస్టర్ గారు, మన సంఘపు బిడ్డ సుశీల్ కుమార్‌కు దేవుడిచ్చిన పాటల తలాంతును బట్టి స్తోత్రం చెల్లించారు. అందరూ ఆమెన్ అన్నారు. వినీల అనలేదు. ఆరాధన అయ్యాక డెబోరా పాస్టర్ గారి దగ్గరకు వెళ్లి తన ప్రశ్న అడిగింది. ఆయన సావధానంగా విని, "క్షమించడం నేర్చుకోవాలమ్మా," అన్నారు.

"క్షమించమని ఇంకా ఎవరూ అడగలేదు పాస్టర్ గారూ," అంది డెబోరా.

ఇప్పటికి ఆ ముఖచిత్రం ఎంతమంది ఫోన్లలో ఉందో ఆమెకు తెలియదు. బస్సులో పక్క సీటు పిల్లాడి చేతిలో ఒకసారి కనబడింది. చెవుల్లో వైర్లు, మూసుకున్న కళ్లు, మొహంలో ఎవరిదో దుఃఖం తాలూకు హాయి. ఆ పిల్లాణ్ణి తట్టి చెబుదామని చెయ్యి ఎత్తింది. ఏమని మొదలుపెట్టినా కథ అవుతుంది. కథ అయితే వాడు ఇంకా ఇష్టపడతాడు. చెయ్యి దించుకుంది.

కనుక ఇది చదివి బాగుందని అనకండి. అది ఇప్పటికే చాలామంది అన్నారు. ఆ ముఖచిత్రం మీ ఫోన్లో ఉంటే, పాట సగంలో ఉన్నా ఆపండి. దాని కింద, గుండె బొమ్మలూ పొగడ్తలూ లేకుండా, ఆమె పేరు రాయండి: అబిగయీలు. ఆ బొమ్మను తియ్యమని అడగండి. తీసిందాకా అడగండి.